రాని రోగి

మా వాడు సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ శనివారం దీపాలు పెట్టే వేళకి ఇక్కడ చీపురుపల్లిలో మాకు ఆదివారం తెల్లవారుతుంది. మా ఆవిడ కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఫోను తన చేతిలోకి తీసుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి అరగంటసేపు నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ తల్లీకొడుకుల మాటలు వింటూంటాను.

కిందటేడాది వేసవిలో ఒక ఆదివారం వాడు, "అమ్మా, మేం ఒక డాక్టరుకి చందా కట్టేం" అన్నాడు.

"చందా ఏమిట్రా? డాక్టరేమైనా వారపత్రికా?" అంది మా ఆవిడ.

నేను పేపరు పక్కన పెట్టేశాను. వాడు చెప్పుకొచ్చిన సంగతి ఇది. ఇంట్లో జబ్బు ఉన్నా లేకపోయినా నెలనెలా ఆ డాక్టరుకి ఇంత అని కట్టెయ్యాలి. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఫీజు లేదు. వెళ్తే అరగంట కూర్చోబెట్టి మాట్లాడతారు. చిన్న చిన్న సందేహాలకి ఫోనులోనే జవాబు చెబుతారు. పెద్ద జబ్బులకీ, ఆపరేషన్లకీ ఇన్సూరెన్సు వేరే ఉంటుంది.

"జబ్బు లేనప్పుడు కూడా డబ్బా!" అంది మా ఆవిడ. "మనకి ఉన్నప్పుడు ఇవ్వడానికే ప్రాణం ఒప్పదు."

ఆ మాటకి ముగ్గురం నవ్వేం. ఆ మాటలో ఎంత ఉందో ఆ రోజు మాలో ఎవరికీ తెలియలేదు.

మేష్టరుద్యోగం వదిలి పధ్నాలుగేళ్ళయినా, కొత్త విషయం చెవిని పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోందే నాకు నిద్ర పట్టదు. వెతికితే తెలిసిందేమిటంటే, అమెరికాలో ఈ పద్ధతికి పుట్టినిల్లు మా వాడు కాపరమున్న ఆ సియాటిలే. 1996లో అక్కడ ఇద్దరు డాక్టర్లు ఒక సంస్థ పెట్టేరు. వారిలో ఒకాయన అంతకుముందు ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకి వైద్యుడు. ఆటగాళ్ళకి డాక్టరు ఎప్పుడూ చేతికి అందేలా ఉంటాడు కదా, డబ్బున్న సంసారులకి మాత్రం ఎందుకుండకూడదని ఆయనకి తోచింది. ఒక్కొక్క డాక్టరు యాభై కుటుంబాలకి మించి చూడడు. ఏడాదికి కుటుంబం కట్టవలసింది వేల డాలర్లు. పూర్వం రాజావారికి ఆస్థాన వైద్యుడు ఉన్నట్టన్నమాట. రాజులు పోయినా సరదాలు పోలేదు.

అదే ఊళ్ళో 2007లో మరో వైద్యుడు ఇదే పద్ధతిని మధ్యతరగతివాళ్ళకి అందించాలని కొద్దిపాటి నెల చందాతో ఆసుపత్రులు తెరిచేడు. మంచి పేరే వచ్చింది గాని, గిట్టుబాటు కాక 2017లో మూసేశారు. అయినా ఆ విత్తనం అమెరికా అంతా మొలిచింది. మామూలుగా అక్కడ ఒక డాక్టరు లెక్కలో రెండు వేలమంది దాకా రోగులుంటే, చందా డాక్టరు లెక్కలో అయిదారు వందలమంది. ఇది కూడా ఒక వ్యాపారమని గ్రహించి 2023లో అమెజాన్ కంపెనీవాళ్ళు ఇటువంటి పెద్ద సంస్థనొకదాన్ని కొనేశారు. పుస్తకాలూ చెప్పులూ అమ్మే అంగడిలో ఇప్పుడు డాక్టరుగారు కూడా దొరుకుతారు.

ఇదంతా చదివి, "అమెరికావాడి చోద్యాలు!" అనుకుని ఊరుకున్నాను.

కార్తీకమాసంలో ఒక సాయంకాలం మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతూ పడిపోయింది. చప్పుడు విని నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి కుడిచెయ్యి కింద పడేసుకుని, మాట తడబడుతూ, "ఏమీ లేదండీ, కళ్ళు తిరిగేయి" అంటోంది. పక్కింటి కుర్రాడు ఆటో తెచ్చేడు. మెయిన్‌రోడ్డులో మా పాత శిష్యుడొకడు డాక్టరీ చదివి ప్రాక్టీసు పెట్టుకున్నాడు. అక్కడికి తీసుకుపోయేం. రక్తపోటు చూసి అతని మొహం మారిపోయింది. పైది రెండువందలు దాటింది.

"అమ్మగారు మాత్రలు ఎప్పుడు మానేశారు మేష్టారూ?" అన్నాడు.

"మానడమేమిటి? రోజూ వేసుకుంటోంది" అన్నాను.

మా ఆవిడ తల పక్కకి తిప్పుకుంది.

అయిదు నెలలైందిట. చీటీ పాతదైపోయింది, మందులకొట్టువాడు కొత్త చీటీ తెమ్మన్నాడు, కొత్త చీటీ కావాలంటే మూడువందలు ఫీజు, రెండు గంటలు బెంచీమీద కూర్చోవడం. ఒంట్లో బాగానే ఉంది కదా, వచ్చే నెల చూద్దాంలే అనుకుంది. ఆ వచ్చే నెల అయిదు నెలలు రాలేదు. నలభై ఎనిమిదేళ్ళు కాపరం చేసినవాణ్ణి. చీపురుపల్లి స్టేషనులో ఏ బండి ఎన్నింటికి ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నా భార్య మాత్రలు వేసుకోవడం లేదని మాత్రం నాకు తెలియలేదు!

ఆ రాత్రే విజయనగరం తీసుకుపోయేం. దేవుడు చల్లగా చూశాడు. మూడోనాటికి మాట సరిపడింది, చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. ఆసుపత్రివాళ్ళిచ్చిన బిల్లు ముప్ఫైరెండు వేల చిల్లర. మూడువందలు మిగిల్చినందుకు!

ఇంటికి వచ్చిన తర్వాత ఒకనాడు ఆ డాక్టరు దగ్గర కూర్చుని, మనసులో ఉన్నది దాచుకోలేక అడిగేశాను.

"ఏమయ్యా, పదేళ్ళుగా నీ దగ్గరకి వస్తున్న మనిషి అయిదు నెలలు రాకపోతే, ఏమైందీ అని నీకనిపించలేదా?"

అతను నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి అన్నాడు. "మేష్టారూ, రోజుకి ఎనభైమంది వస్తారు. వచ్చిన మనిషిని చూస్తాను. రాని మనిషిని ఎలా చూడను?"

ఆ మాట ముల్లులా దిగింది. నిజమే కదా! వచ్చినప్పుడల్లా ఇంత అని మనం ఇస్తున్నది వచ్చినందుకే. రానివాడి గురించి ఆలోచించమని మనం ఆయనకి దమ్మిడీ ఇవ్వలేదు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, ఒప్పందమే అటువంటిది. మా వాడు చెప్పిన చందా డాక్టరు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. వాడు కొనుక్కున్నది అరగంట మాటలు కాదు. రానప్పుడు కూడా తనని తలుచుకునే మనిషిని కొనుక్కున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే మా తాతగారి ఊరు గుర్తుకు వచ్చింది. చీపురుపల్లికి రెండు కోసుల దూరం. ఆ ఊళ్ళో ఒక ఆయుర్వేద వైద్యుడుండేవాడు. ఆయన ఎవరి దగ్గరా రొక్కం పుచ్చుకోగా నేను చూడలేదు. నూర్పిళ్ళయిన తర్వాత కళ్ళంలోనే చాకలికీ, మంగలికీ, వడ్రంగికీ మేర కొలిచినట్టే ఆయనకీ ఇంటికిన్ని కుంచాల ధాన్యం కొలిచేవారు. ఇక ఏడాదంతా పిల్లకి జ్వరమొచ్చినా, ముసలాయనకి దగ్గొచ్చినా, ఆ కుంచాల్లోదే. ఆయన పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని వీధంట నడిచేవాడు. ఏ అరుగుమీద రోజూ కూర్చునే మనిషి ఆ రోజు లేడో, ఆ ఇంట్లోకి పిలవకుండానే వెళ్ళేవాడు. రాని రోగిని చూసిన వైద్యుడాయన.

ఇంతవరకూ తలుచుకుని, "ఆహా, మనవాళ్ళకి అమెరికావాళ్ళకంటే ముందే తెలుసు" అని రొమ్ము విరుచుకుందామనుకున్నాను. కాని జ్ఞాపకం అక్కడితో ఆగలేదు. ఆయన నడిచే వీధి చెరువుగట్టు దగ్గర ఆగిపోయేది. గట్టుకి అవతల పేట ఉండేది. ఆ పేటవాళ్ళకి సొంత కళ్ళాలు లేవు, కొలవడానికి కుంచాలు లేవు. కొలిచేవాళ్ళు ఉన్నా ఆయన గట్టు దాటేవాడు కాదు. ఆ రోజుల్లో అంటు. అవతల అరుగులే లేనప్పుడు ఎవరు కూర్చోలేదో ఎవరు చూస్తారు?

కుంచాలు పోయి డాలర్లు వచ్చినా గట్టు మాత్రం ఉందన్నమాట. ఒక డాక్టరు యాభై కుటుంబాలనే చూస్తానంటే, ఆయన దగ్గరనుంచి కదలవలసి వచ్చిన మిగతావాళ్ళు ఎక్కడికి పోయేరు? చందా కట్టినవాడికి దొరికిన అరగంట ఎవరో ఒకరి బెంచీమీదనుంచి తీసిందే.

మా ఆవిడ జబ్బు సంగతి విని మా వాడు ఊరుకుంటాడా? నగరంలో ఎవరో పెట్టిన సభ్యత్వం పథకం ఒకటి చూసి, ఏడాది డబ్బు మా పేర కట్టేశాడు. ఇంటికి నర్సు వస్తుందిట, డాక్టరు ఫోనులో ఎప్పుడు పడితే అప్పుడు పలుకుతాడుట. తళతళలాడే కార్డులు రెండు వచ్చేయి. మొదటిసారి ఫోను చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మా పిన్‌కోడు అడిగి, "సారీ సార్, మీ ఏరియాకి హోమ్ విజిట్ లేదు" అంది. ఫోనులో దొరికిన డాక్టరు మర్యాదస్తుడే గాని, మూడుసార్లు చేస్తే ముగ్గురు డాక్టర్లు పలికేరు. ముగ్గురికీ మా ఆవిడ పడిపోయిన కథ మొదటినుంచీ చెప్పవలసి వచ్చింది. మూడోసారి ఆవిడ, "దీనికంటే హరికథ చెప్పుకుంటే పళ్ళెంలో నాలుగు డబ్బులైనా పడతాయి" అని ఫోను పెట్టేసింది.

అప్పుడే నాకొక ఆలోచన తట్టింది. సాయంత్రం మా శిష్యుడి దగ్గరకి వెళ్ళి, "నీకు కుంచాలు కొలుస్తాం, పుచ్చుకుంటావా?" అన్నాను. తెల్లబోయేడు. సంగతంతా చెప్పేను. అతనికి లోకం తెలుసు.

"మేష్టారూ, రెండు చిక్కులు. ఏడాది డబ్బు కట్టేశాం కదా అని తుమ్మినా దగ్గినా వచ్చి కూర్చుంటారు. అది నేను పడతాను, ఫరవాలేదు. రెండోదే కష్టం. పొలంనుంచి ఒక మనిషి కూలి మానుకుని వచ్చి బెంచీమీద కూర్చునుంటాడు. అప్పుడు మీ ఫోను మోగుతుంది. ముందెవర్ని చూడమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ అంది. "మమ్మల్ని ముందు చూడొద్దు బాబూ. బెంచీమీదే కూర్చుంటాం. రాకపోతే మాత్రం అడుగు."

ఆ ఒక్కమాట మీద ఏర్పాటు కుదిరింది. మంగళవారం మధ్యాహ్నం మూడునుంచి అయిదువరకూ అతని ఆసుపత్రి ఖాళీగా ఉంటుంది. ఆ రెండు గంటలూ మాకు. మిగతా వేళల్లో వస్తే అందరితోపాటు వరసే. ఇంటికి ఏడాదికి మూడువేలు. మందులూ, రక్తపరీక్షలూ వేరు. మనిషికొక నోటుపుస్తకం, ఒక ప్రతి అతని దగ్గర, ఒకటి ఇంట్లో. నెలలో రెండో మంగళవారానికి రానివాళ్ళకి కాంపౌండరు ఫోను చెయ్యాలి. మా వీధిలో నాబోటి పెన్షనుదార్ల ఇళ్ళు ఇరవై కూడేయి. ఇక చెరువుగట్టు సంగతి. చందా కట్టే ప్రతి ఇల్లూ, కట్టలేని మనిషి ఒకరి పేరు తన చీటీలో రాయించాలని మా ఆవిడే షరతు పెట్టింది. మా చీటీలో మా ఇంట్లో అంట్లు తోమే మనిషి పేరు రాయించేం.

"నాకేటమ్మా, గుండ్రాయినాగున్నాను. మందుకాడికెల్తే రోజు కూలి పోతాది" అని ఆమె మొరాయించింది. బతిమాలి తీసుకువెళ్తే ఆమె రక్తపోటూ ఎక్కువే ఉంది. ఆమెకి తెలియదు, మాకూ తెలియదు.

ఇదేదో మేము కనిపెట్టిన వింత అని చెప్పడంలేదు. ఇంగ్లండులో 1911 చట్టం కిందనే పనివాళ్ళ తలకింత అని డాక్టరుకి ఏడాది డబ్బు ముట్టేది, జబ్బుపడినా పడకపోయినా. మన దేశంలో కార్మికుల ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. 2019 నుంచి జీతంలో నూటికి ముప్పావలా కార్మికుడూ, మూడుంపావలా యజమానీ కడుతున్నారు. కేంద్రప్రభుత్వోద్యోగులకి 1954లో ఢిల్లీలో మొదలైన పథకం కూడా నెలనెలా కోతమీద నడిచేదే. అందరూ ముందుగా తలా కాస్త వెయ్యడం, అవసరమున్నవాడు వాడుకోవడం. పెద్ద జబ్బులకి 2007లో శ్రీకాకుళంతో కలిపి మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. పేరు ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ. కాని మంచం పట్టిన తర్వాత దారి చూపించే పథకాలకీ, మంచం పట్టకుండా చూసే మనిషికీ తేడా ఉంది. 2023లో రాష్ట్రప్రభుత్వం ఫ్యామిలీ డాక్టరని పేరు పెట్టి, డాక్టరే పల్లెకి వెళ్ళే ఏర్పాటు తలపెట్టింది ఈ వెలితి చూసే. ప్రతి పల్లెకీ, ప్రతి ఇంటికీ అటువంటి మనిషి ఉండడమే న్యాయం. మా ఇరవై ఇళ్ళ చందా ఆ న్యాయానికి బదులు కాదు. అది వచ్చేదాకా మేము వేసుకున్న తాటాకు పందిరి.

పందిరి నిలుస్తుందో లేదో నాకు తెలియదు. మొదటి రెండు నెలలూ ఒకాయన ప్రతి మంగళవారం వచ్చి తన మలబద్ధకాన్ని గురించి ముప్పావుగంట ఉపన్యసించేవాడు. మరొకాయన, "ఆర్నెల్లయింది, నాకు జ్వరమైనా రాలేదు, డబ్బు దండగ" అన్నాడు. డాక్టరు నవ్వి, "మీరంతా బాగుంటేనే నాకు లాభం మేష్టారూ, ఇదివరకు అలా కాదు" అన్నాడు నాతో. ఆ మాట నేను చాలామందికి చెప్పేను.

కాని నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాట కాదు. కిందటి నెల జరిగిన మరొక సంగతి.

రెండో మంగళవారం మర్నాడు కాంపౌండరు ఫోను చేశాడు. మా ఆవిడ తీసి, "నిన్న వచ్చేను కదా నాయనా!" అంది.

"మీరు కాదమ్మా. మీ చీటీలో రెండో ఆమె రాలేదు."

మా ఆవిడ ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె పనిలోకి వచ్చి ఆరు రోజులైంది. ఆ ఆరు రోజులూ మా ఆవిడ అంట్లు తోముకుంటూ విసుక్కుంటూనే ఉంది. వంటింటి గోడమీద కేలండరులో రోజుకొక గీత పెడుతూనే ఉంది, నెలాఖరున జీతంలో కోసుకోవడానికి. ఆమె రాలేదని మాకు కాంపౌండరుకంటే ముందే తెలుసు. ఏ రోజునుంచి రాలేదో, ఎన్ని పూటలు రాలేదో లెక్కతో సహా తెలుసు. ఎందుకు రాలేదో అడగాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆటో కట్టించుకుని వాళ్ళ ఊరు వెళ్ళేం. పాకలో చాపమీద పడుకునుంది. కాళ్ళు పొంగి ఉన్నాయి, ఆయాసంతో మాట సరిగ్గా రావడంలేదు. మాత్రలు అయిపోయి పది రోజులైందిట.

"కబురెందుకు పెట్టలేదే?" అంది మా ఆవిడ.

"పెడితే మీరింకో మనిసిని సూసుకుంటారని బయమేసిందమ్మా" అంది.

మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆమె చెయ్యి పుచ్చుకుని లేవదీసి, ఆటోలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. వేళకి తీసుకువచ్చేరు, ఇంకో రెండు రోజులైతే చెప్పలేకపోయేవాణ్ణని డాక్టరు అన్నాడు. అక్కణ్ణుంచి ప్రభుత్వాసుపత్రికి పంపించేడు. ఇప్పుడు కోలుకుంటోంది.

ఆ రాత్రి మా ఆవిడ కేలండరు ముందు చాలాసేపు నిలబడింది. గీతలు బాల్ పెన్నుతో పెట్టినవి, చెరగవు. నెలాఖరున జీతం మాత్రం పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చింది.